అరకడుపు వాసన

భువనేశ్వరికి ఎవరి మాటైనా నమ్మబుద్ధయ్యేది గానీ, "నేను తినేస్తినిలే" అనే అక్క మాట మాత్రం ఎన్నడూ నమ్మబుద్ధయ్యేది కాదు.

మదనపల్లెలో మగ్గాలవీధి చివర వాళ్లది ఒంటిగది ఇల్లు. అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు పోయాక అక్క నాగవేణి తానే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది, చెల్లెలిని బడికి పంపింది. సాయంత్రమయ్యేసరికి ఉన్న సంగటి ముద్ద చెల్లెలి కంచంలో పడేది. నీకేదక్కా అంటే, నేను తినేస్తినిలే అనేది. ఆ మాట అంటూనే చెంబెడు నీళ్లు గటగటా తాగేది. పక్కన పడుకున్నప్పుడు ఆమె నోటి నుంచి బాగా మాగిన అరటిపండు వాసన వచ్చేది. అక్క తనకు పెట్టకుండా చాటుగా పండ్లు తింటోందని భువన ఒకసారి అలిగి మాట్లాడటం మానేసింది. ఆ అలక ఎందుకో తెలిసి నాగవేణి పడీపడీ నవ్వింది. నిజం మాత్రం చెప్పలేదు.

నిజం కాలేజీలో తెలిసింది. తిండి అందని ఒళ్లు తన కొవ్వును తానే కరిగించుకుంటుందనీ, అప్పుడు ఊపిరిలో పండు వాసన వస్తుందనీ పాఠం చెబుతుంటే భువన బెంచీ మీద తల వాల్చేసింది. పక్కనున్న పిల్ల ఆమె నిద్రపోతోందనుకుంది.

తరవాత చాలా ఏళ్లకు టమాటా మండీ వెనకున్న పరిశోధనశాలలో భువనకు ఉద్యోగమైంది. ధర పడిపోయిన రోజున రైతులు రోడ్డు పక్కన పారబోసిపోయే టమాటాలకు సమయానికి ఒక దారి చూపించడమే అక్కడి పని. పండ్ల మీద పెరిగే ఒక రకం బూజును ఆమె గాజు పలకల మీద పల్చటి పొరగా పెంచింది. ఆ పొర ముక్కను టమాటా పెట్టెకు అతికిస్తే, కాయ మాగేకొద్దీ అది తెలుపు నుంచి గులాబీకీ, గులాబీ నుంచి ఎరుపుకీ తిరిగేది. ఏ పెట్టె ఇంకొన్నాళ్లు ఆగుతుందో, ఏది ముందు కదలాలో ఆ రంగే చెప్పేది. ఎండతో నడిచే, డ్రైవరు అక్కర్లేని చిన్న బండ్లు ఆ రంగులు చూసుకుని, ఒకదానికొకటి కబురు చెప్పుకుని, బెంగుళూరు పోవాల్సినవాటిని బెంగుళూరు దారికి, పక్కూరి సంతకు పోవాల్సినవాటిని సంతకు చేర్చేవి.

పరిశోధనశాల పెద్ద సత్యనాథం గారు ఎంత చదివినా, వెంకటేశుడి నెల పెరటాసిలో శనివారాలు ఒక్కపొద్దు తప్పనిచ్చేవారు కాదు. పొద్దున్నే నామం పెట్టుకుని, ఇత్తడి చెంబు పట్టుకుని, నాలుగిళ్ల ముందు గోవిందా అని నిలబడి బియ్యం అడిగి తెచ్చుకునేవారు. ఆ బియ్యం వండి దేవుడికి ఆకులో తళిగ వేసి నైవేద్యం పెట్టిన తరవాతే భోజనం. అలాంటి ఒక శనివారం మధ్యాహ్నం ఆయన కొత్త పలక మీదికి వంగి ఏదో అడుగుతుండగా, పలక మెల్లగా గులాబీరంగుకి తిరిగింది. గదిలో టమాటా కాదు గదా, ఒక్క పండు కూడా లేదు.

"ఇది చెడిపోయినట్టుందమ్మా," అన్నారాయన.

భువన పలకనూ ఆయననూ మార్చి మార్చి చూసింది. "పలక బాగానే ఉంది సార్. మీరు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

అక్కడ మొదలైంది అంతా. ఎక్కడ కుళ్లబోతోందో చెప్పే పొరే, ఎక్కడ పస్తు ఉందో కూడా చెబుతుంది. రెండింటినీ కలిపితే చాలు. ప్రతి వీధి మొగదలా ఒక కంబం పాతారు. దాని తలలో జల్లెడలాంటి రేకు, రేకు వెనక పొర, పైన ఒక దీపం. వీధిలో పస్తు ఊపిరి ఎక్కువైతే దీపం ఎర్రబడుతుంది, మండీలో మిగిలిన కూరగాయలూ, డెయిరీలో మిగిలిన పాలూ, కల్యాణమండపాల్లో మిగిలిన అన్నమూ ఎత్తుకుని దగ్గర్లో ఉన్న బండి అటు తిరుగుతుంది. జనం దాన్ని ముక్కుకంబం అన్నారు. నోటితో చెప్పుకోలేని మనిషి దగ్గరికి కూడా బండి వెళుతుందన్నది భువనకు నచ్చిన సంగతి. తినేస్తినిలే అన్నా అది నమ్మదు.

మొదటి వారంలోనే బస్టాండు వంతెన కింద, పని వెతుక్కుంటూ వచ్చి చిక్కుకుపోయిన ఒక కుటుంబం ముందు బండి వెళ్లి నిలబడింది. వాళ్లను అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆ సంగతి విని భువన పెద్దగదిలోంచి బయటికి వచ్చి, మండీ గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడింది. మండీ కాలవలో కుళ్లిన టమాటా కనపడటం మానేసింది. రోజూ అక్కడ మేసే ఆవులు మాత్రం వచ్చేపోయేవాళ్లకేసి నిష్ఠూరంగా చూసేవి.

మరుసటి ఏడు పెరటాసి వచ్చింది. శనివారం పొద్దున బండ్లు చాలావరకు కట్టకట్టుకుని పెద్దింటివాళ్లుండే కాలనీకి పోయాయి. గేట్ల ముందు వరసగా నిలబడ్డాయి. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, తన ఒక్కపొద్దు చెడగొట్టడానికే అరటిపండ్ల బండి వచ్చిందని దానిమీద కర్ర ఎత్తాడట. పరిశోధనశాలలో అందరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. నవ్వు అయ్యాక సత్యనాథం గారు, ఒకపూట మానేసినవాళ్లను లెక్కలోకి తీసుకోకుండా, ఎంత ఎరుపుకు బండి కదలాలో చెప్పే గీతను పైకి జరపమన్నారు. నిజమే గదా అనిపించింది భువనకు. ముందుకొచ్చిన కాలేజీ కుర్రాళ్లను ఉత్త నీళ్లమీద ఉంచి, వాళ్ల ఊపిరికి పొర ఎంత ఎర్రబడుతుందో చూసి, తన చేత్తోనే గీత అక్కడికి జరిపింది. ఆ ఎరుపు దాటితేనే బండి కదలాలి.

ఆ పనుల్లో పడి మగ్గాలవీధికి పోవడం తగ్గింది. అక్కకు చక్కెర జబ్బు. ఇంజెక్షను మందు సీసాలు మాత్రం తప్పకుండా తీసుకెళ్లి ఇచ్చి వచ్చేది. నాగవేణి వాటిని తడి ఇసుక పోసిన కుండలో దాచుకునేది. ఫ్రిజ్ కొనిస్తానంటే, కుండ ఉండంగా అదేమిటికి అనేది.

మళ్లీ వెళ్లిన రోజున వీధి నిశ్శబ్దంగా ఉంది. చిన్నప్పుడు ఈ మొగదలకు రాగానే మగ్గాల టకటకలు చెవిన పడేవి. నూలు ధర పెరిగి, పట్టుచీర అడిగేవాళ్లు తగ్గి, ఒకటీ అరా మగ్గం తప్ప ఆడటం లేదు. ముక్కుకంబానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశారు. భువనకు నవ్వొచ్చింది. కంబం కింద బండమీద అక్క కూర్చుని మగ్గానికి దారం కండెలు చుట్టుకుంటోంది. మనిషి చిక్కిపోయింది.

"ఇంట్లో కూర్చోక ఇక్కడేంది అక్కా?"

"గాలి ఆడతాది ఈడ. బండి వస్తా ఉండాది పాపా, మాకేం కొదవ? మండీలో ఉండేదంతా మా వీధిలోనే ఉండాది."

"తింటివా?"

"తినేస్తినిలే."

ఇప్పుడు ఆ మాట నమ్మొచ్చులే అనుకుంది భువన. బండి వస్తోంది గదా. సీసాలు చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

పరిశోధనశాలలో గోడంత తెర మీద ఊరి పటం ఉండేది. కొన్నాళ్లుగా మగ్గాలవీధి రోజూ ఎర్రగా వెలుగుతోంది. ఊళ్లోకెల్లా ఆకలి ఎక్కువున్న వీధిని యంత్రమే కనిపెట్టిందని సత్యనాథం గారు సంబరపడ్డారు. పైనుంచి వచ్చే అధికారులకు ముందు ఆ వీధే చూపిద్దామన్నారు. భువనకు ఆ ఎరుపు చూస్తే మాత్రం ఏదో తేడాగా ఉంది. మిగతాచోట్ల ఎరుపు వీధి పొడుగునా మరకలా పరుచుకుంటుంది. ఇక్కడ ఒకే ఒక్క చుక్క, కుంకుమబొట్టంత, కంబానికి ఆనుకుని. ఇన్ని ఇళ్ల వీధిలో ఒక్క మనిషేనా పస్తుంది? ఆ ఒక్క మనిషికి రోజూ బండెడు తిండి వెళుతుంటే ఇంకా పస్తెందుకుంది?

ఎవరికీ చెప్పకుండా, మండీ నుంచి బయల్దేరుతున్న బండి వెనక చెక్కమీద ఎక్కి కూర్చుంది.

బండి మొగదల్లో తిరిగి కంబం ముందు ఆగింది. గంపలు పట్టుకున్న ఆడవాళ్లు మాటా పలుకూ లేకుండా వచ్చారు. భువనను చూసి ఆగిపోయారు. బండమీద నాగవేణి కంబానికి తలానించి కూర్చుని ఉంది. కళ్లు మూతపడుతున్నాయి. ఎక్కడికో పరిగెత్తుతున్న మనిషిలా పెద్దపెద్దగా ఊపిరి తీస్తోంది. ఒళ్లో కండె జారిపోయి దారం కాళ్ల దగ్గర చుట్టుకుపోయింది. దగ్గరికి వంగగానే ఆ వాసన, మాగిన అరటిపండు వాసన, చిన్నప్పటికంటే ఎన్నో రెట్లు ఘాటుగా, భువన ముఖాన కొట్టింది. దానికి ఏ పొరా అక్కర్లేకపోయింది.

ఆసుపత్రి వరండాలో పక్కింటి రెడ్డెమ్మ, చిన్నప్పుడు భువనకు జడలేసిన మనిషి, గోడకు చేరగిలబడి జరిగినదంతా చెప్పుకొచ్చింది.

మొదట్లో బండి మగ్గాలవీధి మొగదల దాకా వచ్చి, తెల్లగా ఉన్న దీపాన్ని చూసుకుని పక్క సందులోకి తిరిగిపోయేదట. ఇంటింటా పొద్దున కాస్త గంజి, మాపటికి కాస్త సంగటితో నెట్టుకొస్తున్న రోజులవి. పెరటాసి శనివారం ఆడవాళ్లంతా ఒక్కపొద్దు ఉంటే ఆ రోజు మాత్రం దీపం ఎర్రబడి, బండి వచ్చి నిలబడింది. వెంకటేశుడే పంపించాడని దండం పెట్టుకున్నారు. మర్నాడు గంజి తాగారు, బండి మొహం తిప్పేసుకుంది. అప్పుడు తెలిసింది వాళ్లకు. వీధంతా పస్తుండక్కర్లేదు, కంబం కింద ఒక్కరు కూర్చుంటే చాలు. వంతులు వేసుకున్నారు. దానికి బండి ఒక్కపొద్దని పేరు పెట్టుకున్నారు. కంబానికి పూజ అందుకే. తరవాత ఉన్నట్టుండి ఒకరోజు పస్తుకు దీపం వెలగడం మానేసింది. రోజుమీద రోజు ఉండాల్సి వచ్చింది. వంతు కూర్చున్న బాలింత ఒకామె కళ్లు తిరిగి పడిపోయింది.

గీత జరిపింది ఎప్పుడో భువనకు తెలుసు. తల దించుకుని వింది.

ఆ బాలింతను ఇంటికి చేర్చిన రోజే నాగవేణి అందరినీ పిలిచి, ఇంక ఎవరూ ఉండొద్దని చెప్పిందట. మందు వేసుకోవడం మరిచిపోయిన నాడు తను పక్కన నడిస్తేనే దీపం ఎర్రబడటం ఆమె గమనించిందని భువనకు తరవాత తెలిసింది. నా ఒంట్లోనే ఏదో ఉంది, నాకు పెద్ద కష్టమేం లేదు, రోజూ నేనే కూర్చుంటాను అంది. మందు మానేసిందని వీధిలో ఎవరికీ తెలియదు.

"రొవంత గంజి తాగితే చాలు, అది మమ్మల్ని చూడదు పాపా," అంది రెడ్డెమ్మ. "కడుపు నిండినోళ్లనీ మమ్మల్నీ ఒకే గాటన కట్టేస్తాది. పూర్తిగా ఎండితేనే మేము దానికి మనుషులం."

భువన ఇంటికి వెళ్లి కుండ మూత తీసింది. తడి ఇసుకలో సీసాలు వరసగా ఉన్నాయి, ఒక్కదానికి కూడా సీలు తీయలేదు. మందు పడకపోతే చక్కెర జబ్బున్న ఒళ్లు, తిన్నా సరే, పస్తున్నట్టే కొవ్వు కరిగించుకుంటుంది. మిగతావాళ్లకైతే గుప్పెడు రాగిపిండి కడుపులో పడితే ఒళ్లు కొవ్వు కరిగించుకోవడం ఆపేస్తుంది, పండు వాసన పోతుంది. ఆ పాఠం తనకు తెలుసు. చిన్నప్పుడు ఎన్నో రోజులు అక్కా తనూ అర ముద్ద సంగటి చొప్పున తిన్నారు. ఆ రోజుల్లో ఏ వాసనా లేదు. అంటే తను చేసిన ముక్కు ఆనాటి తమ ఇంటి ముందుకు వచ్చి ఉంటే, తెల్లదీపం చూసుకుని తిరిగిపోయేది.

నాగవేణి కోలుకుని మాట్లాడటానికి కొంతకాలం పట్టింది. భువన ఏడుపు ఆపుకుంటూ అడిగింది, ఏమిటికక్కా ఇట్ల చేస్తివని. నాగవేణి కిటికీవైపు తిరిగి చెప్పింది.

"నీ చెల్లెలి బండి ఊరంతా తిరగతాది, మన వీధికి మటుకు రాదేమక్కా అని వీధిలోవాళ్లన్నారు పాపా. ఎగతాళి కాదులే, కడుపు మంట. తల కొట్టేసినట్లుండె నాకు. నువ్వు చేసిన బండి గదా. మనోళ్ల ముందర నిలబడకుంటే ఎట్ల?"

"నాతో ఒక మాట చెప్తే పోలేదా?"

"ఏమని చెప్పేది? పిల్ల తెల్లార్లూ కష్టపడి చేసింది, అది పని చేయలేదని చెప్పమంటావా?"

భువన అక్క దుప్పటి సర్ది కూర్చుంది.

సత్యనాథం గారు ఆసుపత్రికి వచ్చి చూసి వెళ్లారు. మర్నాడు పరిశోధనశాలలో, ఇది ఒక్క వీధిలో జరిగిన పొరపాటు, సరిదిద్దుకుందాం అన్నారు. చక్కెర జబ్బు ఊపిరిని పొర వేరుగా గుర్తుపట్టేలా చేద్దామన్నారు. భువన కాదంది. అలా చేస్తే ఆ బండమీద మళ్లీ బాలింత వచ్చి కూర్చుంటుంది సార్ అంది. గీత కిందికి దించితే ఊరు ఊరంతా వంతులు వేసుకుంటుంది. ఎక్కడ పెట్టినా ఆ గీత దగ్గరికి ఎవరో ఒకరు ఎండుకుంటూ నడిచి రావాల్సిందే. ఆ వచ్చేది ఇంట్లో అందరికన్నా చివర తినే మనిషే. కంబాలే తీసేద్దామంది.

"మరి ముక్కు తీసేస్తే బండి కళ్లు కట్టుకుని తిరిగినట్టే గదమ్మా," అన్నారాయన. "కడుపు నిండినవాళ్లు కూడా తీసుకుంటారు. అక్కర్లేని చోట దిగుతుంది, కావాల్సిన చోటికి ఆలస్యమవుతుంది. మండీలో మళ్లీ కుళ్లు మొదలవుతుంది. ఇన్నేళ్ల పని."

"కొంత కుళ్లనివ్వండి సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. భువన ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"పెరటాసిలో మీరు చెంబు పట్టుకుని నిలబడితే, బియ్యం పోసే ఇల్లాలు మీ నోటి వాసన చూస్తుందా సార్?"

కళ్లజోడు తుడవడం ఆగింది. ఆ శనివారాల్లో ఉన్నవాడూ లేనివాడూ అదే నామంతో, అదే గోవింద పిలుపుతో గుమ్మం ముందు నిలబడతారు. ఎవరికి నిజంగా ఆ బియ్యమే ఆధారమో పోసే మనిషి అడగదు, పక్కవాడికి తెలియదు. చిన్నతనంలో తమ ఇంట్లో కూడా ఒక ఏడాది ఆ నాలుగిళ్ల బియ్యంతోనే పొయ్యి వెలిగిందని సత్యనాథం గారు అంతవరకు ఎవరితోనూ అనలేదు. ఆ రోజు అన్నారు. తరవాత చాలాసేపు ఇద్దరూ వేరే పనులేవో చూసుకున్నారు.

కంబాలు ఒక్కొక్కటే పీకేశారు. పొర మళ్లీ టమాటా పెట్టెలకే పరిమితమైంది. ఏది ముందు కుళ్లుతుందో అది చెబుతుంది, ఎవరికి చేరాలో చెప్పడం మానేసింది. బండి ఏ వీధినీ వదలకుండా వంతు ప్రకారం తిరుగుతుంది. ప్రతి గుమ్మం ముందూ ఆగి, గంప దించి, ఎవరైనా వచ్చి తీసుకున్నా తీసుకోకపోయినా కాసేపటికి ముందుకు పోతుంది. కాలనీలో కొందరు తీసుకుని పనిమనుషులకిస్తారు, కొందరు తామే తింటారు. హెడ్మాస్టరు గారు అరటిపండ్లు తీసుకుంటున్నారట. మండీ కాలవలో మళ్లీ కొద్దికొద్దిగా ఎరుపు కనిపిస్తోంది, ఆవులు తిరిగొచ్చాయి. వస్తామన్న అధికారులు రాలేదు. ఆకలిని పసిగట్టే యంత్రమని పత్రికలు రాయడం మానేశాయి.

వంతెన కింద కంబాన్ని మాత్రం భువన తీయించలేదు. అక్కడ గుమ్మాలు లేవు, బండి ఆగడానికి. అక్కడ ఇంకెవరైనా పస్తును పెంచుకుంటున్నారేమోనని వారానికొకసారి తానే పోయి చూస్తుంది. చూసొచ్చిన రోజు ఆమెకు అన్నం సయించదు.

అలా చూసొచ్చిన ఒక సాయంత్రమే మగ్గాలవీధికి వెళ్లింది. కంబం పీకిన చోట గుంట పూడ్చి ఎవరో బంతిమొక్క నాటారు. వీధిలో ఒక మగ్గం ఆడుతోంది. అక్క పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. ముఖాన కాస్త కండ పట్టింది. కుండ మూత తీసి చూస్తే సగం సీసాలు ఖాళీ.

తింటివా అని భువన అడగలేదు. అడగడం ఆ మధ్యనే మానేసింది. గూట్లోంచి కంచం తీసి అక్క ముందు పెట్టి, ముద్ద వేసి, పక్కన ఊరుబిండి పచ్చడి వేసి, తను గోడకు ఆనుకుని కూర్చుంది. తినేదాకా కదలనన్నట్టు.

నాగవేణి ముద్దకేసి చూసి, చెల్లెలికేసి చూసింది. "నీకు?"

"నేను తినేస్తినిలే," అంది భువన.

అన్న తరవాత గానీ తన నోటి నుంచి ఏ మాట వచ్చిందో ఆమెకు తెలియలేదు. పొద్దున తాగిన కాఫీ తప్ప కడుపులో ఏమీ లేదు. చెయ్యి దానంతటదే నీళ్లచెంబు వైపు పోయింది.

నాగవేణి చెంబు అందకుండా పక్కకు జరిపింది. కంచాన్ని ఇద్దరికీ మధ్యకు నెట్టి, వేడివేడి ముద్దను చేత్తో రెండుగా విరిచింది. విరిచిన ముక్కల్లో ఒకటి పెద్దది. దాన్ని ఎటువైపు తిప్పాలా అని ఇద్దరి చేతులూ కంచం అంచును పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాయి.